ఎదుటోళ్ళ గంప

పదకొండో నిమిషంలో పేర్ల నూకరత్నానికి డోకు వచ్చింది. విభాకర్ గారు ఇత్తడి పళ్ళెం సమయానికి గడ్డం కింద పెట్టారు.

"ఎక్కడండీ?" అన్నారాయన, రెండో చేత్తో కలం తీస్తూ.

ఆవిడ కళ్ళనీళ్ళు తుడుచుకుంది. "పావు వంతు దాటాకండీ బాబుగారూ. తడి గోనె కింద మూడ్రోజులు మర్చిపోయిన కవళ్ళ సేపలుంటాయి సూడండి, అచ్చం అదే కంపు. పైన మాత్రం యాలక్కాయ పొడి జల్లేరు, దొంగసచ్చినోళ్ళు."

'పావు దాటాక, పైకి పరిమళం' అని రాసుకుని విభాకర్ గారు ఆ చోటు వెతికారు. అరగంటలో సంగతి తేలింది. అది ఏదో పట్నంలో బస్సులు నడిపే అల్లిక. వాన పడ్డ రోజున పేదల పేటలకు వెళ్ళే బస్సులన్నీ ఆపేసి, ఆ దారిలో ప్రయాణికులే లేరని తనే రాసేసుకుంటోంది. అల్లికను తిప్పి పంపేశారు. నూకరత్నం మజ్జిగతేటతో నోరు పుక్కిలించింది. తెల్లారిన దగ్గర్నుంచీ అది మూడో డోకు. ఉద్యోగం అదే మరి, ఏం చేస్తాం!

అల్లిక అంటే పాత రోజుల్లో సాఫ్ట్‌వేర్. దాన్ని మనుషులు రాయడం మానేసి రెండు తరాలు దాటింది. కావలసింది నోటితో చెబితే స్వయంలేఖినులు రాసిపెడతాయి. ఒక్కొక్కటి లక్ష పుటలు, రెండు లక్షల పుటలు. కూర్చుని చదవాలంటే మనిషి ఆయుష్షు చాలదు. పోనీ ఒక స్వయంలేఖిని రాసినదాన్ని ఇంకోదాని చేత చదివిద్దామంటే, రెండూ తోడుదొంగల్లా ఒకదాన్నొకటి మెచ్చుకున్నాయి. అప్పుడు వచ్చింది అంగిలిరేకు. తమలపాకులో పావు వంతుండే పలచటి రేకు. దాన్ని అంగిట్లో అతికించుకుంటే లక్ష పుటల అల్లికైనా అరగంటలో రుచిగా, వాసనగా నాలుక మీంచి జారిపోతుంది. మంచి అల్లిక మంచినీళ్ళలా ఉంటుంది. మోసమో, నిర్లక్ష్యమో ఉన్నచోట కుళ్ళు కంపు కొడుతుంది. అలా ఎందుకవుతుందో కనిపెట్టినవాళ్ళు వివరంగానే చెప్పారు గానీ, అది విభాకర్ గారికే సగం అర్థమైంది.

మొదట్లో ఆ రేకులు డిగ్రీలున్న ఇంజినీర్ల నోళ్ళలోనే పెట్టారు. వాళ్ళు చప్పరించి, ఇది చేదా వగరా అని వాదులాడుకుని, నివేదికలు రాశారు. నాలుగో రోజుకు నాలుకలు మొద్దుబారాయి. ఈలోగా కాకినాడలో అల్లికలను పరీక్షించే 'శోధిత' సంస్థ వాడొకడికి, ఉప్పాడ దారిలో కారు ఆగిపోయి, ఎండుచేపల యార్డు పక్కన గంటసేపు నిలబడాల్సి వచ్చింది. అక్కడ ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ, చేతిలోకి చూడనైనా చూడకుండా, నెత్తళ్ళ గుట్టలోంచి పాడైనవాటిని ఏరి అవతల పారేస్తున్నారు. వాడు పదిమందిని తీసుకెళ్ళి రేకులు పెట్టి చూశాడు. యాభైమంది ఇంజినీర్లు నెలరోజులుగా పట్టలేని కుళ్ళును వాళ్ళు పూటలో పట్టి ఇచ్చారు. ఆ ఏడే దరఖాస్తులో 'డిగ్రీ' అన్న గడి కొట్టేసి, 'ఎండుచేపలు ఎన్నేళ్ళు ఏరారు?' అన్న గడి పెట్టారు.

డిగ్రీలున్నవాళ్ళకు పళ్ళేలు పట్టే పని మిగిలింది. డోకు వచ్చినచోటు వెతికి, అక్కడున్న తప్పేమిటో మనుషుల భాషలో రాయడం కూడా వాళ్ళ పనే. విభాకర్ గారికి రెండు డిగ్రీలున్నాయి, యాభై ఎనిమిదేళ్ళున్నాయి. ఇంట్లో మాత్రం పళ్ళెం సంగతి ఆయన చెప్పలేదని సంస్థలో అందరికీ తెలుసు.

నూకరత్నం పదో తరగతి తప్పింది. పదిహేనేళ్ళ వయసు నుంచి ముప్పై అయిదు దాకా యార్డులోనే ఉంది. ఉప్పుకు వేళ్ళ సందులు పగిలిపోయేవి. బస్సెక్కితే పక్క సీటు వాళ్ళు లేచి వెళ్ళిపోయేవారు. లేవడానికి చోటు లేనివాళ్ళు కండువానో చెంగునో ముక్కుకు అడ్డం పెట్టుకుని కిటికీలోంచి బయటకు చూసేవారు. ఒకసారి ఓ పెద్దమనిషి కండక్టర్ని పిలిచి, "ఈ కంపును దింపెయ్యండి" అన్నాడు. 'ఈమెను' అని కూడా అనలేదు. ఆ మాట నూకరత్నం ఇవాళ్టికీ మర్చిపోలేదు. అందుకే ఏడాది కిందట శోధితలో శిక్షణకు తీసుకున్నప్పుడు ఆవిడ పట్టుదలగా ఒకటి అనుకుంది. మెడలో వేసుకునే చీటీ మీద 'ఇంజినీరు' అన్న మాట పడేదాకా ఇక్కణ్ణుంచి కదలకూడదు, అంతే.

ఆ మాట ఇవాళ పడుతుంది. ఒక్క సాక్షిరుచి మిగిలింది.

ప్రాణంతో ముడిపడ్డ అల్లికలను, అంటే ఆసుపత్రులవీ మంచినీళ్ళవీ లాంటివాటిని, వాటి యజమానిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రుచి చూడాలని శోధిత వాళ్ళు ఏడాదిన్నర కిందట ఓ పద్ధతి పెట్టారు. తన ముందే పరీక్ష జరిగితే యజమానికి నమ్మకం కుదురుతుందని. రుచి చూసేవాళ్ళ గొంతుకు కంఠమానిక అనే పట్టీ కడతారు. కడుపులోంచి డోకు కదిలితే ఎర్రదీపం, కదలకపోతే పచ్చదీపం. పచ్చదీపం వెలిగిన నిమిషంలోనే శుద్ధిపత్రం పుడుతుంది, అల్లిక మొదలైపోతుంది. మాటకు విలువ లేదు. మాటల్ని కొనుక్కోవచ్చునని పాత రోజుల్లో తేలిపోయింది. హాలు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది: 'నోరు అబద్ధమాడుతుంది, గొంతు ఆడదు.'

ముందురోజు నూకరత్నం వెళ్ళి సింహాద్రమ్మను అడిగింది. యార్డు నుంచి మొదట వచ్చిన పదిమందిలో ఆవిడొకర్తె, అందరికీ పెద్దదిక్కు.

"ఎదురుగా మనిషి కూచుంటారంట గదా పిన్నీ. ఎలాగుండాలి?"

"ఏముందే? యార్డులో ఉన్నట్టే ఉండు," అంది సింహాద్రమ్మ, కొప్పు ముడేసుకుంటూ.

యార్డులో ఎలా ఉండాలో నూకరత్నానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పదిహేనో ఏట మొదటి రోజునే పక్కావిడ గంపలోంచి కంపు వచ్చి, ముక్కు మూసుకుని "ఛీ" అంది. వాళ్ళమ్మ పోలమ్మ అక్కడే నెత్తిన ఒక్కటి మొట్టింది. "ఎదుటోళ్ళ గంప మీద మొహం తిప్పకూడదే, ముదనష్టపుదానా! నువ్వు ఛీ అన్నాక దాని గంప ఎవరు ముట్టుకుంటారు? దాని పిల్లలేం తింటారు? మింగెయ్. తర్వాత సెవిలో సెప్పు. ఏరుకుని మళ్ళీ తెచ్చుకుంటాది." మింగడం కూడా పోలమ్మే నేర్పింది. నాలుక మొదలును కింది పళ్ళకేసి నొక్కాలి, ఊపిరి కడుపులోకి దించాలి, మొహం మీద ముడత పడకూడదు. యార్డులో ఆ విద్య రాని ఆడది లేదు. చెవిలో చెప్పించుకున్నాక గంప ఎత్తి పక్కన పెట్టని ఆడదీ లేదు. ఒకవేళ ఎవరైనా పెట్టకపోతే, మర్నాటి నుంచి ఆమె పక్కన ఎవరూ గంప దించరు.

పదిన్నరకు యజమానురాలు వచ్చింది. యర్రంశెట్టి కాత్యాయని, రాజమహేంద్రవరం మనిషి. యాభై అయిదేళ్ళుంటాయి. గంజి పెట్టిన నేత చీర, చేతిలో పూలసజ్జ. పుట్టిన పిల్లలకు ఏ మందు ఎంత, ఎప్పుడు వేయాలో నర్సులకు చెప్పే అల్లిక ఆవిడది. నలభై ఆసుపత్రులు దానికోసం ఎదురుచూస్తున్నాయి.

"మీకూ డిగ్రీ లేదటగా?" అంది నూకరత్నం చెయ్యి పట్టుకుని. "నాకూ లేదమ్మా. ఇరవై ఏళ్ళు ఆసుపత్రి బల్ల దగ్గర పేర్లు రాసే పని చేశాను. రెండేళ్ళు స్వయంలేఖినితో మాట్లాడి మాట్లాడి గొంతు పోగొట్టుకుని ఇది చేయించాను. చదువుకున్నవాళ్ళంతా నవ్వారు. మనలాంటి వాళ్ళకు మనం కాకపోతే ఎవరున్నారు చెప్పండి?"

నూకరత్నం గుండె కరిగిపోయింది. ఎదురుగా బల్లకు అవతల కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ తన మొహంలోకే చూస్తోంది. పొద్దున్నే గంప దించుకుని కూర్చున్న ఆడది కొనేవాళ్ళ మొహంలోకి చూసే చూపు అది. ఆ చూపు నూకరత్నానికి ఇరవై ఏళ్ళుగా తెలుసు.

రేకు అంగిట్లో పడింది. కంఠమానిక బిగించారు. మేనేజరు తారకేశ్వర్ చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు. విభాకర్ గారు పళ్ళెం పట్టుకున్నారు.

ఇరవై నిమిషాలు హాయిగా గడిచాయి. కుండలో నీళ్ళు, అక్కడక్కడ నిమ్మచెక్క పిండినట్టు పులుపు. ఎంత శుభ్రంగా చేయించుకుంది తల్లి, అనుకుంది నూకరత్నం. ఇరవై రెండో నిమిషంలో వచ్చిందండీ కంపు! పసిపిల్లల పాలసీసా అడుగున వారం రోజులు మురిగి, గడ్డకట్టి, పచ్చబడ్డ పాలు. ఆ గడ్డ నాలుక మీద కూర్చుని కదలదు. పుట్టి బుద్ధెరిగాక నూకరత్నం ఇంత రోత రుచి చూడలేదు.  ఇక డోకు పుట్టబోతోంది.

కాత్యాయని కళ్ళు ఆవిడ మొహం మీదే ఉన్నాయి.

నాలుక మొదలు కింది పళ్ళకేసి నొక్కింది. ఊపిరి కడుపులోకి దిగింది. మొహం మీద ఒక్క ముడత పడలేదు. నూకరత్నం మింగేసింది. అది ఆలోచించి చేసిన పని కాదు. కంట్లో నలుసు పడబోతే రెప్ప పడినట్టు పడింది.

పచ్చదీపం వెలిగింది. తారకేశ్వర్ చప్పట్లు కొట్టాడు. "శుభాకాంక్షలు, ఇంజినీరు నూకరత్నం గారూ!" అన్నాడు. కాత్యాయని పూలసజ్జ ఆవిడ చేతిలో పెట్టి కళ్ళు ఒత్తుకుంది. నూకరత్నం నవ్వింది. ఆవిడ మనసులో తప్పు చేశానన్న ఊహే లేదు. పని సగం అయింది, రెండో సగం చెవిలో చెప్పాలి, అంతే. రేకు తీసి, పుక్కిలించనైనా పుక్కిలించకుండా, వరండాలో లిఫ్టు దగ్గర కాత్యాయనిని కలుసుకుంది.

"అమ్మా, ఒక్కమాట," అంది చెవి దగ్గరకు వంగి. "ముప్పావు దగ్గర కుళ్ళుందండి. విరిగిన పాలు మురిగిన కంపు. నలుగురిలో ఎందుకులే అని మింగేశాను. మీరు ఇంటికి పట్టుకెళ్ళి ఏరుకుని మళ్ళీ తెండి. ఎవరికీ సెప్పను."

కాత్యాయని లిఫ్టు మీట నొక్కింది. "పచ్చదీపం వచ్చిందిగా?"

"నేను మింగాను గదండీ, అందుకని వచ్చింది."

"అల్లిక మొదలైపోయిందమ్మా. పదకొండింటి నుంచి నలభై చోట్లా నడుస్తోంది."

"అయితే ఆపెయ్యండి మరి."

"ఎందుకాపాలి?" కాత్యాయని గొంతు మారిపోయింది. "గొంతు అబద్ధమాడదని మీ గోడ మీదే రాసుంది. నాకు శుద్ధిపత్రం వచ్చింది. ఇప్పుడొచ్చి చెవిలో ఏదో ఊదితే రెండేళ్ళ కష్టం మూలన పడేసుకోవాలా? అయినా పదో తరగతి తప్పినదానివి, పసిపిల్లల మందుల గురించి నీకేం తెలుసు? చేపలు కావివి." లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపలికి వెళ్ళి, ఇటు తిరిగి, గంజి చీర చెంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. తలుపు మూసుకుంది.

నూకరత్నం ఒంటి మీద యార్డు వాసన పోయి ఏడాదైంది. చెవిలో చెప్పించుకుని కూడా గంప ఎత్తని మనిషిని ముప్పై ఆరేళ్ళలో ఆవిడ చూడలేదు. చేతిలోని పూలసజ్జ వైపు చూస్తే అసహ్యం వేసింది. దాన్ని అక్కడే నేల మీద పడేసి లోపలికి పరిగెత్తింది.

విభాకర్ గారు పళ్ళెం కడుగుతున్నారు. ఆవిడ చెప్పింది విని, పళ్ళెం పక్కన పెట్టి, "మింగారా? అదెలాగండీ? మింగడం కుదరదు కదా, కంఠమానిక పట్టేస్తుంది," అన్నారు.

"డోకు పుట్టకముందే మింగెయ్యాలండి. ముందా కుళ్ళేటో సూడండి, బాబుగారూ. ముప్పావు దగ్గర. పాలు."

ఆయన చూశారు. గబగబా పుటలు తిప్పారు. ముప్పై ఏళ్ళ కిందట నేర్చుకుని, పళ్ళెం పట్టడానికే మిగిలిందనుకున్న చదువంతా ఆ పావుగంటలో ఆయనకు పనికొచ్చింది.

"పుట్టిన పిల్లలకు పేరుండదు కదండీ," అన్నారు చివరికి. "తల్లి పేరు కిందే రాస్తారు. ఆసుపత్రి బల్ల దగ్గర అదే అలవాటు. ఒక తల్లి పేరు కింద మందు వేసినట్టు ఒకసారి నమోదైతే, ఇంకోసారి వెయ్యొద్దని నర్సుకు చెబుతుంది ఇది."

"కవలపిల్లలైతే?"

"రెండో బిడ్డకు వెయ్యరండి."

"ఏ మందు?"

"అన్నీ. ఊపిరి నిలబెట్టే మందుతో సహా."

నూకరత్నం తొట్టి దగ్గరకు వెళ్ళింది. ఇందాక మింగిందంతా అప్పుడు వచ్చింది, పొద్దుటి గంజితో సహా. ఆ డోకును కొలిచే పట్టీ గొంతుకు లేదు. తన మీద తనకే రోత పుట్టింది. ఆ కాత్యాయని ఎదురుగా కూర్చుంటే ఏం? కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తే ఏం? ఆ కుళ్ళును కడుపులో పెట్టుకుని నవ్విందే తను, పూలు పుచ్చుకుందే!

"మేనేజరుతో సెప్తే ఆపరా?" అంది నోరు తుడుచుకుంటూ.

"మాట చెల్లదండీ. గొంతు ఒకటి చెప్పాక నోరు ఇంకోటి చెబితే గొంతునే నమ్ముతారు. దారి ఒక్కటే. నాలుక రద్దు." ఆయన ఆవిడ మొహంలోకి చూడలేదు. "నా నాలుక చెడిందని మీ అంతట మీరు రాసిస్తే, మీరు శుద్ధి అన్నవన్నీ ఆ నిమిషమే ఆగిపోతాయి. కానీ ఆ తర్వాత ఏ సంస్థలోనూ మీ నోట్లో రేకు పెట్టరు."

నూకరత్నం వెంటనే సరే అనలేదు. అబద్ధమెందుకు, ఆవిడకు బస్సు గుర్తొచ్చింది, వేళ్ళ సందుల్లో ఉప్పు గుర్తొచ్చింది. తారకేశ్వర్ నోట 'ఇంజినీరు' అన్న మాట విని గంట కూడా కాలేదు.  

"ఆ కాయితం ఏదో తెండి," అంది.

కాగితం కాదు, పలక. వేలిముద్ర వేసింది. కారణం గుర్తు పెట్టమంది పలక. జలుబు, జ్వరం, గర్భం, మద్యం, మతిభ్రమణం అని అయిదు గడులున్నాయి.

"ఇందులో ఏదీ కాదు గదండీ. మర్యాదకి మింగాను. మర్యాద అని రాయండి."

"ఆ గడి లేదమ్మా. ఏదో ఒకటి గుర్తు పెట్టకపోతే తీసుకోదు." ఆయన జలుబు మీద గుర్తు పెట్టారు. పన్నెండూ ఏడుకు నలభై ఆసుపత్రుల్లో అల్లిక ఆగింది. ఆ గంటలో ఎక్కడా కవలలు పుట్టలేదని తర్వాత తెలిసింది. అదృష్టం, ఇంకేమీ కాదు.

విభాకర్ గారు పలక మూసి కుర్చీలో కూలబడ్డారు.  "ఈ ఏడాదిన్నరలో రెండువందల పన్నెండు సాక్షిరుచులు జరిగాయి. ఒక్క ఎర్రదీపం రాలేదండీ. ఒక్కటంటే ఒక్కటి. యజమాని వస్తున్నాడు కాబట్టి ముందే శుభ్రం చేసుకుని తెస్తున్నారని మేమందరం సంతోషించాం." తర్వాత అడగలేక అడిగారు. "మీరొక్కరేనా అమ్మా, మింగింది?"

భోజనాల గదిలో రుచి చూసే ఆడవాళ్ళు నలభై మందీ చప్పటి పెరుగన్నం తింటున్నారు. రుచి చూసే రోజుల్లో ఉప్పూ కారం నిషేధం. నూకరత్నం నేరుగా సింహాద్రమ్మ దగ్గరకు వెళ్ళింది.

"పిన్నీ, సాక్షిరుచిలో కుళ్ళు తగిలితే నువ్వేం సేసేదానివి?"

"ఏం సేస్తారే? మనిషి ఎదురుగా కూచుంటే ఎలా ఉమ్ముతారు? మింగేసి, బయటికొచ్చాక సెవిలో సెప్పేదాన్ని."

"ఎన్నింట్లో తగిలింది?"

"పద్దెనిమిదో ఇరవయ్యో. ఎవరు గుర్తు పెట్టుకున్నారు?"

"వాళ్ళు గంప ఎత్తుకెళ్ళారా?"

"ఎత్తుకెళ్ళకేం? సెవిలో సెప్పాక ఎవరు ఎత్తరు?"

నూకరత్నం జరిగింది చెప్పింది. లిఫ్టు దగ్గర మాటలు చెప్పింది, రెండో బిడ్డ సంగతి చెప్పింది. చేతులన్నీ కంచాల్లోనే ఆగిపోయాయి. పక్క బల్ల నుంచి గంగావతి లేచింది. నూకరత్నం ఈడుది, ఇద్దరిదీ ఒకే వీధి. "మన పేటకి మంచినీళ్ళొదిలే అల్లిక నేనే సూసానే," అంది. "బురదగుంట కంపు కొట్టింది. ఆయన సెవిలో సెప్తే, సరేనమ్మా, సాలా సంతోషం అన్నాడు. ఆ నీళ్ళే గదే మనం తాగుతున్నాం."  ఒకావిడ నీళ్ళ గ్లాసు దూరంగా జరిపింది.

అప్పుడు తారకేశ్వర్ వచ్చాడు. నాలుక రద్దు సంగతి తెలిసి హడావిడిగా వచ్చినట్టున్నాడు. విభాకర్ గారు గుమ్మంలోనే అతనికి అంతా చెప్పేశారు. మేనేజరు ఓపిగ్గా విని, గది మధ్యకు వచ్చి, చేతులు జోడించి మరీ అడిగాడు.

"అమ్మలారా, ఒక్క విషయం. యజమాని ఎదుట ఉన్నప్పుడు మీలో ఇంకెవరైనా ఇలా మింగారా? దాచకుండా చెప్పండి. చెప్పినవారిదీ, వాళ్ళు పేరెత్తినవారిదీ నాలుక రద్దు చేయవలసి ఉంటుంది. అది మాత్రం తప్పదు."

 నలభై మొహాలు. ఒక్కదాని మీదా ముడత లేదు. బయటివాళ్ళు చూస్తే, పాపం అమాయకులు, ఏమీ ఎరగరు అనుకుంటారు. నూకరత్నం మాత్రం గొంతుల వైపు చూసింది. నలభై గొంతులూ ఒక్కసారి కిందికి దిగి పైకి వచ్చాయి.

"చాలా సంతోషం," అన్నాడు తారకేశ్వర్. నిజంగానే ఊపిరి పీల్చుకున్నాడు. వాడికి తెలుసు. తెలిసే అలా అడిగాడని నూకరత్నానికి అర్థమైంది. "అయితే ఇది ఒక్కరి లోపమే. విభాకర్ గారూ, అలాగే రాసేయండి. జలుబని ఎలాగూ ఉందిగా."

పొద్దుటి నుంచి ఆవిడ నాలుక మీద పడ్డ కంపులన్నీ కలిపినా ఈ గదిలోని దానికి సాటిరావనిపించింది. ఇది ఎవరో తెచ్చిన గంప కాదు. ఇందులో ఉన్నవాళ్ళంతా తనవాళ్ళే. పురుళ్ళకు వచ్చినవాళ్ళు, చావులకు వచ్చినవాళ్ళు, వాన ముంచుకొస్తే తన చేపలు కూడా ఎత్తి లోపల పెట్టినవాళ్ళు. సింహాద్రమ్మ ఆవిడ కళ్ళలోకే చూస్తోంది, కాత్యాయని చూసినట్టే. నూకరత్నం నాలుక మొదలు దానంతట అదే కింది పళ్ళ వైపు జారింది. దాన్ని పైకి లాక్కోవడానికి ఆవిడకు ఒంట్లో ఉన్న బలమంతా కావలసి వచ్చింది.

"బాబుగారూ, రాసుకోండి," అంది విభాకర్ గారితో, గది మొత్తానికి వినపడేలా. "సింహాద్రమ్మ. పద్దెనిమిదో ఇరవయ్యో. ఆవిడ సూసినవన్నీ ఆపండి."

సింహాద్రమ్మ కంచం నెట్టేసి లేచింది. "ఒసే రత్నం! నీ కూడు పోయిందని మా నోటికాడ కూడు తన్నేస్తావా? నలుగురిలో నా గంప మీద ఉమ్ముతావా? మీ అమ్మ నీకిదే నేర్పిందా? రేపు యార్డులో నీ గంప ఎవరి పక్కన దించుకుంటావే?"

నూకరత్నం ఆ సంగతి ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించింది. ఎంత వెతికినా ఎవరి పక్కనా చోటు కనబడలేదు.

విభాకర్ గారు కలం పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

"గంగావతి," అంది. "మంచినీళ్ళది."